వీఆర్ యాప్ బాధ్యతగా, అందరికీ పనికొచ్చేలా చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మాదాపూర్‌లో మీది ఐదుగురి టీం. పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీకి సేఫ్టీ ట్రైనింగ్ కోసం వీఆర్ (వర్చువల్ రియాలిటీ, అంటే కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుని చూసే కృత్రిమ దృశ్యం) యాప్ చేస్తున్నారు, చేతిలో ఉన్నది మూడు నెలలు. యాప్ బాధ్యతగా, అందరికీ పనికొచ్చేలా ఉండాలని క్లయింట్ కాంట్రాక్టులో ఒక లైను రాశారు. దానికి సబ్‌టైటిల్స్ పెట్టి, ఒక ప్రైవసీ పాలసీ రాసేస్తే సరిపోతుందా, ఇంకేమైనా చేయాలా, చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

సరిపోదండి. ఆ రెండూ కావాలి, కానీ అవి తర్వాత వచ్చే పనులు. మొదట కట్టాల్సింది ఇది: హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషి ఏ క్షణంలోనైనా, పక్కన ఎవరున్నా, తనకు ఏ నష్టమూ లేకుండా "నాకొద్దు" అని తీసేయగలగాలి. అలా అనగలిగే ఏర్పాటు మొదటి రెండు వారాల్లోనే డిజైన్‌లోకి రావాలి. మిగతావన్నీ, అంటే కళ్లు తిరగడం, డేటా, భాష, వైకల్యం ఉన్నవాళ్ల అవసరాలు, ఆ ఒక్కదాని వెనకే ఒక్కొక్కటిగా బయటపడతాయి.

ఎందుకంటే, వీఆర్ అంటే ఒక రకంగా మనిషి కళ్లకు గంతలు కట్టడమే. ఫోన్‌లో వీడియో నచ్చకపోతే తల తిప్పుకోవచ్చు. హెడ్‌సెట్‌లో తల ఎటు తిప్పినా మనం పెట్టిందే కనిపిస్తుంది, మనం పెట్టిందే వినిపిస్తుంది. వెనక ఎవరు నిలబడ్డారో, ఎవరు ఫొటో తీస్తున్నారో ఆ మనిషికి తెలియదు. తన కళ్లూ చెవులూ కాసేపు మన చేతిలో పెట్టాడు. అలాంటప్పుడు ఆపే స్విచ్ ఆ మనిషి దగ్గరే ఉండాలి కదా.

నేను 2017 నుంచి ఇదే ఊళ్లో ఇదే పని చేస్తున్నాను. ఎక్కువగా ఫ్యాక్టరీల సేఫ్టీ ట్రైనింగ్: జీడిమెట్ల, పటాన్‌చెరు, జీనోమ్ వ్యాలీ వైపు యూనిట్లు, మధ్యలో కొన్ని కాలేజీలు. పైన రాసింది నాకు పుస్తకాల్లో దొరకలేదు, 2021 చివర్లో పాశమైలారం దగ్గర ఒక యూనిట్‌లో తెలిసింది.

ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే ఒకావిడ, నలభై ఏళ్లుంటాయి. నూనె పెట్టి బిగించి వేసుకున్న జడ, జడలో కనకాంబరాలు. హెడ్‌సెట్ వెనక పట్టీ సరిగ్గా జడ మొదలు మీద కూర్చుంది, కిందకి దించితే మెడ మీదకి జారుతోంది, పైకి లాగితే ముందు భాగం ముక్కు మీద పడుతోంది. మా కుర్రాడు ఎలాగోలా బిగించాడు. "కనిపిస్తుందా అక్కా?" "కనిపిస్తుంది సార్." "బాగుందా?" "మంచిగుంది సార్." పక్కనే సూపర్‌వైజర్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏడు నిమిషాల సీన్. మధ్యలో రెండుసార్లు ఆవిడ ఎడమ చెయ్యి గాల్లో దేనికోసమో తడిమింది, అది సీన్‌లో భాగమే అనుకున్నాం. ఆవిడ తడిమింది పట్టుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని. అయిపోయాక నవ్వుతూ హెడ్‌సెట్ చేతికిచ్చి వెళ్లిపోయింది. అరగంట తర్వాత ఆమెతో పనిచేసే అమ్మాయి వచ్చి మెల్లగా చెప్పింది: "అక్క వాంతులు చేసుకున్నది సార్. మీకు చెప్పొద్దన్నది."

తర్వాత హెడ్‌సెట్ చూస్తే లెన్సులు మూడో స్థానంలో ఉన్నాయి. అది మెటా వాళ్ల క్వెస్ట్ 2 మోడల్. దాంట్లో రెండు లెన్సుల మధ్య దూరానికి మూడే స్థానాలు: 58, 63, 68 మిల్లీమీటర్లు. ఆవిడకు ముందు పెట్టుకున్నది ఒక పొడుగాటి ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్, అతనికోసం 68లో పెట్టి అలాగే వదిలేశాం. కంటిపాపల మధ్య దూరం మనిషికీ మనిషికీ మారుతుంది, పెద్దవాళ్లలో దాదాపు 50 నుంచి 75 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, సగటున ఆడవాళ్లకి మగవాళ్లకన్నా కాస్త తక్కువ. లెన్సులు ఆ దూరానికి సరిపోకపోతే బొమ్మ మసకబారుతుంది, కళ్లు లాగుతాయి, కడుపులో తిప్పుతుంది. ఆడవాళ్లకు వీఆర్‌లో ఎక్కువ వికారం వస్తుందని చాలాకాలం అనుకున్నారు, వాళ్ల శరీరంలోనే ఏదో తేడా అన్నట్టు. 2020లో వచ్చిన ఒక పరిశోధన దానికి ప్రధాన కారణం ఈ లెన్సుల దూరం కుదరకపోవడమేనని చూపించింది. అంటే లోపం ఆవిడలో లేదు, మేం తిప్పకుండా వదిలేసిన స్లయిడర్‌లో ఉంది. క్వెస్ట్ 3లో చక్రం తిప్పి 58 నుంచి 71 దాకా ఎక్కడైనా ఆపొచ్చు, అది నయం. అయినా 58 కన్నా తక్కువ ఉన్నవాళ్లు కూడా ఉంటారు, వాళ్లకు ఆ లెన్సులు అంత కచ్చితంగా కుదరవు.

కానీ నన్ను ఎక్కువ బాధపెట్టింది స్లయిడర్ కాదు. ఆవిడ ఏడు నిమిషాలూ ఎందుకు భరించింది? సూపర్‌వైజర్ ముందు "నా వల్ల కావట్లేదు" అంటే ఏమనుకుంటారో అని. రేపు షిఫ్ట్ మారుస్తారేమో, ట్రైనింగ్ ఫెయిల్ అని రాస్తారేమో అని. "మంచిగుంది సార్" అన్న మాటని మేం ఫీడ్‌బ్యాక్ అని షీట్‌లో రాసుకున్నాం కూడా.

ఆ తర్వాత మార్చినవి చెబుతాను, మీరు నేరుగా వాడుకోవచ్చు.

"బాగుందా" అని అడగడం మానేశాం. యాప్ తెరవగానే మూడు సైజుల్లో బొమ్మలు వస్తాయి: గొడుగు, చేప, తాళంచెవి. "ఏమేం కనిపిస్తున్నాయో చెప్పండి" అంటాం. చిన్న బొమ్మ చెప్పలేకపోతే లెన్సులు సరిచేస్తాం, కళ్లజోడు ఉంటే దానికి చోటిచ్చే స్పేసర్ ముక్క పెడతాం. అక్షరాలు పెట్టలేదు, ఎందుకంటే చదవడం రానివాళ్లు అక్కడ మళ్లీ ఇబ్బంది పడతారు.

సూపర్‌వైజర్ గదిలో ఉండకూడదని ఒప్పందంలోనే రాయిస్తాం. ఇది మాత్రం పట్టుబట్టండి.

హెడ్‌సెట్ నుదుటి మీద నుంచి లేవగానే సెన్సర్ పట్టుకుని సీన్ ఆగిపోతుంది. మళ్లీ పెట్టుకుంటే "ఇక్కడి నుంచి చూస్తారా, చాలా?" అని గొంతు అడుగుతుంది. "చాలు" అంటే మార్కులు పోవు. అదే పాఠం టీవీ మీద చూపించి, నిజమైన ఫైర్ సిలిండర్‌తో బయట చేయించి, అదే సర్టిఫికెట్ ఇస్తాం. ఎవరు ఏ దారిలో పూర్తి చేశారో కంపెనీకి వెళ్లే రిపోర్టులో ఉండదు. వీఆర్ లేని దారి ఒకటి సమానంగా ఉండకపోతే, మీరు అడిగే అనుమతికి అర్థం ఉండదు. క్లయింట్లు "అలా చెబితే అందరూ వద్దంటారు" అని భయపడతారు. నేను చూసినంతలో అలా జరగలేదు. ఎప్పుడంటే అప్పుడు ఆపొచ్చని తెలిసినవాళ్లే నిదానంగా, ఎక్కువసేపు ఉంటారు.

పట్టీ సంగతి కూడా చెప్పాలి, చిన్నదని వదిలేస్తారు. జడ, కొప్పు, హిజాబ్, తలపాగా, అన్నింటికీ ఒకే పట్టీ కుదరదు. వెనక రెండుగా చీలే పట్టీలు, తల చుట్టూ వలయంలా కూర్చునే గట్టి హేలో పట్టీలు రెండూ తీసుకెళ్లండి. బురఖా వేసుకున్నవాళ్లకు పెట్టేది ఆడమనిషే అయ్యుండాలి, తెర కట్టిన చోటు ఉండాలి. ఫోమ్ మీద కుంకుమ, నూనె, చెమట అంటుకుంటాయి. తుడవగలిగే సిలికాన్ కవర్ వేసి, మనిషి మనిషికీ తుడవండి, లెన్సులకు మాత్రం పొడి మైక్రోఫైబర్ గుడ్డే వాడండి, స్పిరిట్ తగిలితే పూత పోతుంది. 2023 వానాకాలంలో మన దగ్గర కళ్లకలక ఎలా అంటుకుందో గుర్తుండే ఉంటుంది. అలాంటప్పుడు సెషన్లు ఆపేయడమే మంచిది, మేం ఆపేశాం.

ఇక వికారం గురించి. లెన్సులు సరిచేసినా అది పూర్తిగా పోదు, ఎందుకంటే కళ్లు "కదులుతున్నాం" అంటాయి, చెవిలోని బ్యాలెన్స్ వ్యవస్థ "లేదు, నిలబడే ఉన్నాం" అంటుంది. ఆ గొడవే కడుపులో తెలుస్తుంది. అందుకే మనిషి తల కదపకుండా కెమెరాని మీరు కదపకండి. నడక బదులు చూపించిన చోటికి దూకే పద్ధతి, మెల్లగా తిరగడం బదులు 30 డిగ్రీల చొప్పున టకటకా తిరగడం డిఫాల్ట్‌గా పెట్టండి. ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకు తెర మీద మారే బొమ్మల సంఖ్య, 72 కన్నా పడిపోనివ్వకండి, అందమైన పొగ, నీడలు తగ్గించైనా సరే. మేం ఒకసారి ఫోర్క్‌లిఫ్ట్ నడిపే సీన్ చేస్తే మా ఆఫీసులోనే ఇద్దరు పడిపోయినంత పనైంది. చుట్టూ కదలకుండా ఉండే క్యాబిన్ కడ్డీలు, డ్యాష్‌బోర్డు పెట్టాక చాలావరకు తగ్గింది, కంటికి పట్టుకోవడానికి ఒక స్థిరమైన వస్తువు దొరికింది కాబట్టి.

ఫ్యాక్టరీ కాబట్టి ఇంకో మాట. సెషన్ అయిపోగానే మనిషిని ప్రెస్ మెషిన్ దగ్గరికి పంపకండి, బండి మీద ఇంటికి పంపకండి. హెడ్‌సెట్ తయారీదారుల భద్రతా సూచనల్లో కూడా పూర్తిగా తేరుకునే దాకా వాహనం, యంత్రం నడపొద్దనే ఉంటుంది. మేం సెషన్లను షిఫ్ట్ చివర్లో పెట్టి, తర్వాత అరగంట టీ టైం ఇప్పిస్తాం. ఆ అరగంటకి జీతం కట్ చేయొద్దని కూడా ముందే మాట్లాడుకోండి.

ఫిట్స్, మైగ్రేన్, గర్భం, ఈమధ్య కంటి ఆపరేషన్, ఇవన్నీ ముందే అడగాలి, కానీ లైన్‌లో నిలబెట్టి అందరి ముందు అడిగితే ఎవరూ చెప్పరు. గర్భం సంగతి ఇంట్లోనే ఇంకా చెప్పని అమ్మాయి మీ ఫారంలో రాస్తుందా? అందుకే "వీటిలో ఏ ఒక్కటి ఉన్నా టీవీ గదికి వెళ్లండి, ఏది అని ఎవరూ అడగరు" అని బోర్డు పెడతాం. మీ సీన్‌లో అలారం లైటు ఉంటే అది సెకనుకు మూడుసార్ల కన్నా ఎక్కువ మెరవకూడదు. అది వెబ్ యాక్సెసిబిలిటీ (వైకల్యం ఉన్నవాళ్లు కూడా వాడగలగడం) ప్రమాణాల్లో ఎప్పటినుంచో ఉన్న నియమం, కళ్ల ముందు అంగుళాల దూరంలో తెర ఉన్నప్పుడు మరీ ముఖ్యం. మా పాత సీన్‌లో లైటు ఐదుసార్లు మెరిసేది, ఏళ్ల తరబడి ఎవరూ గమనించలేదు.

మంటల సీన్ చేస్తున్నారేమో కూడా ఆలోచించండి. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడు మీకు తెలుసు. ఆ చుట్టుపక్కల యూనిట్లలో పనిచేసేవాళ్లలో ఆ రోజు చూసినవాళ్లు, ఆ వార్తతో ఇళ్లకు ఫోన్లు చేసుకున్నవాళ్లు ఉంటారు. వాళ్ల కళ్లకు గంతలు కట్టి హఠాత్తుగా చుట్టూ మంటలు చూపించడం పాఠం కాదు. మేం ఇప్పుడు ముందే నోటితో చెబుతాం: ఏం వస్తుంది, ఎంత పెద్దగా వస్తుంది, శబ్దం ఎలా ఉంటుంది. మొదటి మంట చెత్తబుట్ట సైజులో ఉంటుంది. దాన్ని ఆర్పాక పెద్దది చూస్తారా అని అడుగుతాం. కేకలు, మనుషులు కాలడం లాంటివి అసలు పెట్టం, వాటివల్ల నేర్చుకునేది ఏమీ పెరగదు.

భాష. దీనిమీద మీ టైంలో పెద్ద భాగం పోతుంది, ముందే లెక్క వేసుకోండి. యాప్ తయారుచేసే యూనిటీ సాఫ్ట్‌వేర్‌లో, అక్షరాలు చూపించే టెక్స్ట్‌మెష్ ప్రోతో తెలుగు రాస్తే ఒత్తులు, గుణింతాలు అతుక్కోవు. "అత్యవసర ద్వారం" అని బోర్డు పెట్టాం, తెర మీద "త" పక్కన పొల్లు, దాని పక్కన "య", "ద" పక్కన మళ్లీ పొల్లు, దాని పక్కన "వా" విడివిడిగా నిలబడ్డాయి. చూసినవాళ్లు "ఇదేం తెలుగు సార్" అన్నారు, ఆ క్షణం నుంచి లోపల చెప్పే ఏ మాటనీ నమ్మలేదు. అక్షరాలను సరిగ్గా అతికించే హార్ఫ్‌బజ్ ఆధారంగా పనిచేసే ప్లగిన్ వాడండి, లేదా బోర్డులను బొమ్మలుగా తయారుచేసి అతికించండి, చిన్న యాప్‌కి రెండోదే తేలిక. హిందీకీ ఒడియాకీ ఇదే సమస్య, ఉర్దూకి కుడి నుంచి ఎడమ కూడా కలుస్తుంది.

అయినా అసలు సంగతి అక్షరాల్లో లేదు. ఆ గేటును అక్కడ ఎవరూ "అత్యవసర ద్వారం" అనరు, ఎమర్జెన్సీ గేటు అంటారు. మా మొదటి స్క్రిప్టు ఇంగ్లిష్ నుంచి అనువదించింది, "అగ్నిమాపక సాధనాన్ని చేతిలోకి తీసుకొనుము" అని ఒక రేడియో గొంతు చెప్పేది. తర్వాత ఆ యూనిట్ సేఫ్టీ ఆఫీసర్ పక్కన కూర్చుని ఆయన రోజూ చెప్పే మాటలే రాసుకున్నాం: "సిలిండర్ తీసుకోండి. పిన్ను పీకండి. పైపు మంట అడుగుకి పెట్టండి, పైకి కాదు. హ్యాండిల్ నొక్కి అటూ ఇటూ తిప్పుతూ కొట్టండి." అంతే, నాలుగు ముక్కలు. పటాన్‌చెరు వైపు ఒడియా, హిందీ మాట్లాడే పనివాళ్లు చాలామంది, కాబట్టి మీ యాప్ ముందు చెవికి పనిచేయాలి, కంటికి తర్వాత. ఒడియా గొంతు మేం క్యాంటీన్‌లో పనిచేసే ఒకతనితో చెప్పించాం, స్టూడియో ఆర్టిస్టుకి ఇచ్చే రేటే అతనికీ ఇచ్చాం. అతని గొంతు విని వాళ్ల ఊరి కుర్రాళ్లు రెండోసారి చూస్తామన్నారు.

చెవికి ముందు అన్నాను కదా, మరి చెవులు వినిపించనివాళ్లు? వాళ్లకి సబ్‌టైటిల్ కావాలి, కానీ సినిమాలోలా కింద అతికిస్తే వీఆర్‌లో సరిపోదు. మాట వెనక నుంచి వస్తే చదివేవాళ్లకి అది ఎటు నుంచి వచ్చిందో తెలియదు. సబ్‌టైటిల్ తలతో పాటు మెల్లగా తిరగాలి, పక్కన శబ్దం వచ్చిన వైపు చూపే బాణం ఉండాలి. అలారం మోగితే చేతిలో పట్టుకున్న కంట్రోలర్ వణకాలి.

వైకల్యం ఉన్నవాళ్ల గురించి "మా ఫ్యాక్టరీలో అలాంటివాళ్లు లేరు" అంటారు క్లయింట్లు. ఉంటారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాలు గుర్తించింది, వాటిలో చాలా బయటికి కనిపించవు. మెల్లకన్ను ఉన్నవాళ్లకు, ఒక కంటి చూపే ఉన్నవాళ్లకు లోతు సరిగ్గా తెలియకపోవచ్చు, "దగ్గర ఉన్న వాల్వు తిప్పండి" అంటే ఏది దగ్గరో పోల్చుకోలేరు. లోతుతో పాటు నీడ, సైజు, శబ్దం ఏదో ఒకటి తోడుగా ఇవ్వండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లు మగవాళ్లలో అక్కడక్కడా ఉంటారు, బటన్ మీద రంగుతో పాటు గుర్తు కూడా పెట్టండి.

మా టెస్టర్లలో ఒకతనికి మెషిన్‌లో పడి కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. స్టోర్స్‌లో రిజిస్టర్ రాస్తాడు, ఎడమచేత్తో. మా యాప్‌లో సిలిండర్ ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో పిన్ను పీకాలి. అతను కంట్రోలర్ పట్టుకుని కాసేపు చూసి, హెడ్‌సెట్ తీయకుండానే మోచేత్తో రెండో కంట్రోలర్‌ని కడుపుకి నొక్కి పట్టుకుని బటన్ నొక్కడానికి ప్రయత్నించాడు. నిజంగా మంట వస్తే ఏం చేస్తావు బాబూ అని అడిగాను. "సిలిండర్ కింద పెట్టి కాలితో అదిమిపట్టి పిన్ను పీకుతా సార్, నేను చేసిన, ఒకసారి" అన్నాడు. నిజం మంట దగ్గర చేయగలిగిన మనిషిని మా సాఫ్ట్‌వేర్ చేయనివ్వలేదు. ఆ వారమే ఒంటిచేతి మోడ్ పెట్టాం: పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉంటుంది, మళ్లీ నొక్కితేనే వదులుతుంది, సిలిండర్‌ని నేల మీద పెట్టొచ్చు. దానికి పట్టింది రెండు రోజులు. ఆ మోడ్‌ని తర్వాత రెండు చేతులున్నవాళ్లే ఎక్కువ వాడారు, భుజం నొప్పి ఉన్నవాళ్లు, కంట్రోలర్ కొత్తవాళ్లు.

అలాగే కూర్చుని చేసే మోడ్. అందుకోవాల్సిన వస్తువులన్నీ మనిషి ఎత్తుని బట్టి కిందకి జరగాలి. వీల్‌చెయిర్ కోసమని పెడతాం, అయిదడుగుల లోపు ఉన్నవాళ్లకీ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకీ అదే పనికొస్తుంది. చదువుకోవాలంటే వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ 2021లో ఎక్స్‌ఆర్ (వీఆర్, దానిలాంటి టెక్నాలజీలు) యాక్సెసిబిలిటీ మీద ఒక పత్రం ఇచ్చింది, ఉచితంగా దొరుకుతుంది, మీ డిజైనర్ ఒక పూట కూర్చుంటే అయిపోతుంది. మన ఊళ్లోనే బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి చూపు తక్కువ ఉన్నవాళ్ల పునరావాస విభాగం ఉంది, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం జాతీయ సంస్థ ఉంది. అలాంటిచోట్ల ముందుగా రాసి అడగండి. టెస్ట్ చేసినవాళ్లకి డబ్బులివ్వండి, మీ టెస్టింగ్ ఇంజినీర్‌కి ఇచ్చినట్టే.

డేటా. ఇక్కడ మీరు ప్రైవసీ పాలసీ అన్నారు కాబట్టి కాస్త ఆగుదాం. హెడ్‌సెట్ మీ తల, రెండు చేతులు ఎక్కడున్నాయో సెకనుకు పదులసార్లు కొలుస్తుంది. పేరు తీసేశాం కాబట్టి ఎవరిదో తెలియదు అనుకుంటాం. 2020లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 511 మంది మీద చూస్తే, ఒక్కొక్కరి నుంచి ఐదు నిమిషాల లోపు కదలికలతో 95 శాతం సార్లు ఎవరో సరిగ్గా గుర్తుపట్టగలిగారు. 2023లో బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్లు ఒక వీఆర్ గేమ్ ఆడిన 55,000 మందికి పైగా మనుషుల రికార్డుల్లో 100 సెకన్ల కదలికతో 94 శాతం గుర్తుపట్టారు. మన నడక, చెయ్యి ఊపే తీరు వేలిముద్ర లాంటివే. అందుకని అవసరం లేనిది నిల్వ చేయకండి. మేం దాచేది మూడే: పాఠం పూర్తయిందా, ఏ మెట్టు దగ్గర మళ్లీ చూపించాల్సి వచ్చింది, యాప్ ఎక్కడ క్రాష్ అయింది. కదలికలు హెడ్‌సెట్ దాటి పోవు, సెషన్ అయ్యాక అక్కడా ఉండవు.

ఒక క్లయింట్ హెచ్‌ఆర్ వాళ్లు ఎవరు ఎటు చూస్తున్నారు, ఎవరి చెయ్యి వణుకుతోంది అనే లెక్క మనిషివారీగా కావాలని అడిగారు. చెయ్యి వణకడానికి వందకారణాలు, భయం, షుగర్ పడిపోవడం, నరాల జబ్బు, నిన్నటి తాగుడు. సేఫ్టీ నేర్పిస్తామని పిలిచి ఆ మనిషి ఒంట్లో ఏముందో యజమానికి చెప్పడం నావల్ల కాదన్నాను. రెండో దశ కాంట్రాక్టు మాకు రాలేదు. ఆ సంవత్సరం కష్టమైంది, అయినా అదే పని మళ్లీ అడిగితే అదే చెబుతాను. మీకూ ఈ కోరిక వస్తుంది, దాదాపు ఖాయం, అందుకే ఏం సేకరిస్తారో ఒప్పందం మొదటి పేజీలోనే రాసుకోండి.

చట్టం వైపు: 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం అనుమతి అడిగే పత్రం ఇంగ్లిష్‌లోనైనా, ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలోనైనా చూసుకునే వీలు ఇవ్వాలి. తెలుగు, ఉర్దూ, హిందీ, ఒడియా అన్నీ అందులో ఉన్నాయి. ఉద్యోగానికి సంబంధించిన కొన్ని అవసరాలకు యజమానికి అనుమతి లేకుండానే డేటా వాడుకునే వీలు అదే చట్టంలో ఉంది, దాన్ని చూపించి "మాకు పర్మిషన్ అక్కర్లేదు" అనేవాళ్లు ఉంటారు. చట్టం వదిలిపెట్టినా మీరు అడగండి.

మీ యాప్‌లో ప్రస్తుతం ఒకరే ఉంటారు కాబట్టి ఒకరినొకరు వేధించే సమస్య రాదు. రేపు నలుగురిని ఒకే గదిలోకి తెస్తే వస్తుంది. మేం ఒక కాలేజీకి చేసిన గదిలో ఒక అమ్మాయి అవతార్ (వీఆర్‌లో ఆమెకు బదులు కనిపించే బొమ్మ) చుట్టూ నలుగురు మూగి ముఖంలో ముఖం పెట్టారు, ఆమె హెడ్‌సెట్ తీసి గోడకి ఆనుకుని నిలబడింది. "ఎవరూ ముట్టుకోలేదు కదా" అన్నారు పక్కవాళ్లు. ఆమె కళ్లకు మాత్రం ఆ నలుగురూ ఊపిరి తగిలేంత దగ్గర ఉన్నారు. మెటా, చాలామంది కలిసి తిరిగే తన హొరైజన్ వరల్డ్స్ యాప్‌లో, 2022 ఫిబ్రవరిలో అవతార్ల మధ్య దాదాపు నాలుగు అడుగుల ఎడం డిఫాల్ట్‌గా పెట్టింది, అదీ ఫిర్యాదులు వచ్చాక. మీరు మొదటి రోజే పెట్టండి, ఒక్క బటన్‌తో గదిలోంచి బయటపడే దారితో సహా.

పిల్లల సంగతి మీ ప్రాజెక్టులో లేదు, అయినా ఇలాంటి యాప్‌ని స్కూళ్లకి కూడా ఇవ్వమని ఎవరో ఒకరు అడుగుతారు. వాళ్లకి వేరే లెక్క: పైన చెప్పిన చట్టంలో 18 ఏళ్లలోపు అందరూ పిల్లలే, తల్లిదండ్రుల అనుమతి రుజువుతో కావాలి, వాళ్ల ప్రవర్తనను గమనిస్తూ ట్రాక్ చేయకూడదు. లెన్సులు చిన్న ముఖాలకు కుదరవు. ఇదే యాప్‌ని ఉన్నదున్నట్టు వాళ్లకీ ఇచ్చేయకండి.

మూడు నెలల్లో ఇవన్నీ అవుతాయా అంటే, నేనైతే ఇలా చేస్తాను. మొదటి వారం కోడ్ రాయకుండా ఆ ఫ్యాక్టరీకి వెళ్లి క్యాంటీన్‌లో కూర్చుంటాను. మీ టీంకి ఏమాత్రం పోలిక లేని ఆరుగురిని వెతుక్కోండి: చదవడం రానివాళ్లు, యాభై దాటినవాళ్లు, ఒడియా ఒక్కటే వచ్చినవాళ్లు, కళ్లజోడు ఉన్నవాళ్లు, జడ లేదా హిజాబ్ ఉన్న ఆడవాళ్లు, ఒంట్లో ఏదో ఒక ఇబ్బంది ఉన్నవాళ్లు. వాళ్ల సమయానికి కంపెనీ నుంచి జీతం ఇప్పించండి. రెండో వారానికి గ్రాఫిక్స్ లేని ఖాళీ గది, ఆపే పద్ధతి, టీవీ దారి, కూర్చునే మోడ్, ఒంటిచేతి మోడ్ తయారుచేసి ఆ ఆరుగురికే పెట్టి చూడండి. అప్పుడు మొదలుపెట్టండి మంటలూ పొగా. ప్రతి రెండు వారాలకీ వాళ్లే మళ్లీ చూడాలి. ఇవి చివరి నెలకి వాయిదా వేస్తే ఏమవుతుందో మేం చూశాం, రెండు చేతులతో పట్టుకునేలా కట్టిన సిలిండర్‌ని ఒంటిచేతికి మార్చాలంటే సగం సీన్లు విప్పాలి, అప్పుడు క్లయింట్ "వదిలేయండి, తర్వాత వెర్షన్‌లో చూద్దాం" అంటారు. ఆ వెర్షన్ రాదు.

ఖర్చు వైపు, మీ కొటేషన్‌లో నాలుగు లైన్లు వేరుగా చూపించండి: టెస్టర్ల కూలి, అదనపు పట్టీలూ కవర్లూ, నాలుగు భాషల గొంతులు, టీవీ గది ఏర్పాటు. విడిగా చూపిస్తే తగ్గించేటప్పుడు ఏది తీసేస్తున్నారో వాళ్లకీ తెలుస్తుంది. టెస్టర్ల కూలి మాత్రం తీయనివ్వకండి.

మీ హెడ్‌సెట్ మోడల్ ఏదో, సీన్ ఎన్ని నిమిషాలో కింద రాయండి. సూపర్‌వైజర్ గదిలో ఉండకూడదన్న నిబంధనని మేం ఒప్పందంలో ఎలా రాస్తామో, టీవీ గది బోర్డు మీద నాలుగు భాషల్లో ఏం రాశామో రెండూ పెడతాను, మీ లాయర్‌కి చూపించి వాడుకోండి.